మునిగిన వల

మాది అనంతపురం జిల్లా. మా ఊళ్ళో ఎవరి బోరులోనైనా నీళ్ళు పడితే నాలుగు వీధుల వాళ్ళు వచ్చి, చేతులు తడుపుకుని, చూసి పోతారు. ఆ ఊళ్ళో పుట్టినదాన్ని హైదరాబాదుకొచ్చి, ఇరవై ఏడేళ్ళ వయసులో, పసుపుపచ్చ ప్లాస్టిక్ పడవలో కూచుని తెడ్డు వేయడం మొదలుపెట్టాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నీళ్ళ విషయంలో నాది అచ్చం ఆ బతుకే. శనివారం వచ్చిందంటే తెల్లవారకముందే లేచి కూచునేదాన్ని.

ఈ పిచ్చి అంటించింది మా టీమ్ లీడ్. ఆయనది గోదావరి ఒడ్డున ఊరు. నీళ్ళ గురించి తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. మాకు అసలేమీ తెలియదు కాబట్టి మేమూ నమ్మాం. ఒక్కరు మాత్రమే కూచునే సన్నటి పడవలు, కయాక్‌లంటారు, నాలుగు తెప్పించాడు. ఆయన, నేను, నల్గొండ నుంచి వచ్చిన ఒకబ్బాయి, కొండాపూర్‌లో నా పక్క ఫ్లాటులో ఉండే ఒకమ్మాయి, మొత్తం నలుగురం. ఒకసారి మంజీర దాకా వెళ్ళాం గానీ, అందులో మొసళ్ళున్నాయని ఒడ్డున ఎవరో చెబితే ఇడ్లీలు తినేసి తిరిగొచ్చాం. మిగతా వారాలన్నీ తెల్లాపూర్ దాటాక ఉన్న ఒక చెరువే మా సముద్రం. దాని పేరు చెప్పను. చెబితే ఆ ఊరి మనుషులెవరో తెలిసిపోతుంది. నా వల్ల వాళ్ళకు జరిగింది చాలు.

పెద్ద అందమైన చెరువేం కాదు. ఒక పక్క కట్ట. రెండో పక్క కొత్తగా లేచిన గేటెడ్ ఇళ్ళ ప్రహరీ గోడ. ఆ ఇళ్ళ మురుగంతా ఒక గొట్టంలోంచి నేరుగా చెరువులోకి వచ్చేది. ఒక మూల నుంచి గుర్రపుడెక్క అల్లుకుంటూ వస్తుండేది. నడిమధ్యలో నల్లటి బండరాళ్ళు పైకి లేచి ఉండేవి. అయినా పొద్దున్నే ఆ రాళ్ళ చుట్టూ ఒక్క చుట్టు వేసి వస్తే, వారమంతా ఆఫీసులో తిన్న చీవాట్లు దిగిపోయేవి. మనసు తేలికయ్యేది. అది మాత్రం అబద్ధం కాదు.

పడవల్ని కట్ట కింద ఒక ఇంటి పంచలో పెట్టేవాళ్ళం. ఆ ఇల్లు మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీగా పనిచేసే ఒక పెద్దాయనది. యాభై దాటిన మనిషి. తాతల నాటి నుంచి ఆ చెరువులో చేపలు పట్టిన కుటుంబం. చుట్టూ ఇళ్ళు లేచి చెరువు చిక్కిపోయాక, చేపల మీద ఇల్లు గడవక, నీలం చొక్కా తొడుక్కుని మా గేటు దగ్గర నిలబడ్డాడు. ఆయన భార్య మా మూడో అంతస్తులోనే హౌస్‌కీపింగ్ పని చేసేది. ఆయన అవ్వా అని పిలిచే ముసలి తల్లి ఇంటి దగ్గర ఉండేది. కొడుకు హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. ఆయన సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి థర్మకోల్ తెప్ప మీద వెళ్ళి వల వేసేవాడు. తెల్లవారుతూనే తీసి, చేపలు తల్లికి అప్పగించి, ఎనిమిదింటికల్లా మళ్ళీ గేటు దగ్గర ఉండేవాడు.

గేటు దగ్గర నన్ను మేడం అనేవాడు, చెరువు దగ్గర బిడ్డా అనేవాడు. ఒకచోటి మాట ఇంకోచోట పొరపాటున కూడా వచ్చేది కాదు. నేను మా సీమ వరసలో చిన్నాయనా అంటే నవ్వేవాడు. గోదావరి లీడ్ మాకు చెప్పిందంతా ఇంటర్నెట్‌లో చూసింది. నాకు నిజంగా తెడ్డు పట్టడం నేర్పింది ఈయనే. మొదటి వారం నేను నీళ్ళను బాదుతుంటే కట్ట మీద నుంచి కేకేశాడు.

"ఏంది బిడ్డా, బట్టలుతుకుతున్నవా? గిట్ల కొడితే నీళ్ళకేం నొప్పి? నీ రెక్కలే పోతయి. నీళ్ళను కొట్టకు, ఎనుకకు నూకు."

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. వారానికో బంద్, పూటకో రాస్తారోకో. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండి, పంక్తిలో కూచుని తిని నిరసన తెలిపేవాళ్ళు. మా క్యాంటీన్లో ఎవరి బల్ల వాళ్ళదయిపోయింది. నేను ఆటో ఎక్కితే చేత్తో దారి చూపించేదాన్ని గానీ నోరు తెరిచేదాన్ని కాదు, యాస బయటపడుతుందని. నిజం చెప్పాలంటే నన్నెవరూ ఒక్క మాట అన్నది లేదు. ఎవరికో ఏదో జరిగిందట అని ఫోన్లలో తిరిగే మెసేజీలు చదివీ చదివీ భయం పెంచుకున్నాను. పెద్దాయన చొక్కాకు జై తెలంగాణ అని రాసిన బిళ్ళ ఉండేది. గేటు దగ్గర సూపర్‌వైజర్ ఒప్పుకోడని అక్కడ తీసి జేబులో వేసుకునేవాడు.

"రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటావా చిన్నాయనా?" అని ఒకసారి నవ్వుతూ అడిగాను. నవ్వుతూ అడిగాను గానీ జవాబు కోసం ఊపిరి బిగబట్టాను.

"నిన్నెందుకు పొమ్మంట బిడ్డా? మా కొలువులు మాకు కావాలె, మా నీళ్ళు మాకు కావాలె, గంతే. నువ్వు పోతే నాకేమొస్తది?" అన్నాడు. అన్నాక కూడా నేను ఆటోల్లో నోరు తెరవలేదు.

ఒక వారం రెండు రోజుల బంద్ పిలుపొచ్చింది. మా కంపెనీలు బంద్ రోజు సెలవిచ్చి, దానికి బదులు శనివారం పని చేయించుకునేవి. శనివారం పోతోంది కాబట్టి బంద్ మొదటి రోజే చెరువుకు పోదామని లీడ్ అన్నాడు. రోడ్ల మీద టైర్లు కాలకముందే, చీకటుండగానే కార్లో బయల్దేరి వచ్చేశాం. లీడ్ పెద్ద పెద్ద నల్ల చెత్త సంచులు తెచ్చాడు. "ఈసారి ఊరికే తిరగొద్దండీ. చెరువు శుభ్రం చేద్దాం. ఫొటోలు తీసి ఆఫీసు గ్రూపులో పెడదాం," అన్నాడు. మాకందరికీ నచ్చింది. మేముండే ఇళ్ళ లాంటి ఇళ్ళ మురుగు గొట్టం కళ్ళెదురుగా కారుతూనే ఉంది. దాని పక్క నుంచే తెడ్లు వేసుకుంటూ వెళ్ళాం.

పెద్దాయన ఇంట్లో లేడు. బంద్ వల్ల రెండో షిఫ్టు మనిషి రాలేడని, రెండు రోజులూ గేటు దగ్గరే ఉండమన్నారట. ముందు రోజు సాయంత్రం వేసిన వల నీళ్ళలోనే ఉండిపోయింది. మామూలు శనివారాల్లో మేము వచ్చేసరికి ఆయన వల తీసేసి ఉండేవాడు. అందుకని నీళ్ళలో వేసి ఉన్న వల ఎలా ఉంటుందో మేమెప్పుడూ చూడలేదు.

వలకు పైఅంచున బెండ్లు కడతారు, కింది అంచున రాళ్ళు. బెండు పైకి లాగుతుంది, రాయి కిందికి లాగుతుంది, మధ్యలో వల గోడలా నిలబడుతుంది. పూర్వం ఏ కట్టెముక్కలో కట్టేవాళ్ళట. ఇప్పుడు ఖాళీ నీళ్ళ సీసాలు కడతారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు కనిపించింది సీసాలే. బండరాళ్ళ దగ్గర మొదలై కట్ట వైపు వరసగా తేలుతున్నాయి. చెత్త ఎక్కడైనా వరసలో తేలుతుందా? నలుగురం ఇంజనీర్లం, ఒక్కరికీ ఆ ప్రశ్న రాలేదు. నల్గొండ అబ్బాయి కూడా ఏరాడు. సీసా కనబడితే చెత్త అనుకోవడానికి ఈ ప్రాంతమా ఆ ప్రాంతమా అని లేదు, మా జీతాలు చాలు.

మొదటి సీసా పట్టుకుని లాగితే రాలేదు. దానికి నైలాన్ దారం కట్టి ఉంది. గట్టిగా లాగాను. కింద నుంచి ఏదో బరువు వెనక్కి లాగింది. ఆ లాగుడు నా చేతికి తెలిసింది. గుర్రపుడెక్క వేళ్ళనుకున్నాను అని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను గానీ, ఒక్క క్షణం ఆగిన మాట నిజం. ఎవరో కట్టారు దీన్ని అని అనిపించిన మాటా నిజం. పడవ ఊగుతోంది. "పట్టుకుని కూచోకండీ, కోసేయండి," అన్నాడు లీడ్. సంచులతో పాటు ఆయన పంచిన బ్లేడు తీసి కోసేశాను. రెండోది కూడా లాగి, రాకపోతే కోశాను. మూడోది ఆలోచించకుండానే కోశాను. మొత్తం పద్దెనిమిది సీసాలొచ్చాయి. అందులో పదకొండు నావి. సంచుల పక్కన నిలబడి బొటనవేళ్ళు చూపిస్తూ ఫొటో దిగాం. మర్నాటికి ఆ ఫొటో కింద యాభై మంది మెచ్చుకున్నారు.

బంద్ అయిపోయిన మూడో రోజు నేను ఆఫీసుకు వెళ్ళేసరికి పెద్దాయన గేటు దాటి నాకెదురొచ్చాడు. రెండు రోజులు నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి.

"మేడం, మొన్న చెరువు మీదికి వచ్చిండ్రంట గద, మా అవ్వ చెప్పింది. ఎవలన్న కనబడ్డరా? పొద్దుగాల పోయి చూస్తే నా వల లేదు, ఎత్తుకపోయిండ్రు. బెండ్లు గిట్ల ఒక్కటి లేవు."

"బెండ్లంటే?" అన్నాను.

"సీసలు కడ్తం గద మేడం, నీళ్ళ సీసలు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చేతిలో ఉన్న బ్యాగును ఊరికే ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను. "లేదు చిన్నాయనా, నాకెవరూ కనపల్యా," అన్నాను. ఆయన తలూపి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

లీడ్‌కు చెప్పాను. ఆయన ముఖం కూడా పాలిపోయింది. చెడ్డవాడు కాదు, పిరికివాడు. నాకంటే ఎక్కువేం కాదు. "చెబితే ఊరుకుంటారాండీ? ఆంధ్రోళ్ళు వచ్చి మా వలలు కోశారని ఊరంతా కట్ట మీదికొస్తుంది. ఈ రోజుల్లో ఆ మాట ఎక్కడికి పోతుందో చెప్పలేం. ఆయనకు కొత్త వల ఒకటి ఏదో వంకన ఇద్దాం. నెమ్మదిగా, గొడవలు సద్దుమణిగాక," అన్నాడు. ఆ మాటలు ఆయన అంటుంటే నాకు ఎంత ఊరటగా ఉందో చెప్పడానికి ఈనాటికీ సిగ్గేస్తుంది. నా మనసులో ఉన్నవే ఇంకొకరి నోట విన్నాను.

కానీ ఆ రోజంతా మింగలేక కక్కలేక తిరిగాను. మూడో అంతస్తులో ఆయన భార్య నా కుర్చీ కింద తుడుస్తూ, "కాళ్ళు జర లేపుండ్రి మేడం," అంటే ఉలిక్కిపడ్డాను. ఆ వల ఆయన చలికాలమంతా కూచుని స్వయంగా అల్లుకున్నదని ఆవిడ పక్కనున్న అమ్మాయితో చెబుతుంటే నా చెవిన పడింది. అప్పుడొక ఉపాయం తట్టింది. పూర్తిగా చెప్పనక్కర్లేదు. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు, వల అక్కడే ఉంది అని మాత్రం చెబితే, ఆయన వల ఆయనకు దొరుకుతుంది, నా పేరు బయటికి రాదు. ఎంత తెలివైన ఉపాయమో అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఇంటికి పోతూ గేటు దగ్గర ఆగాను. "చిన్నాయనా, నీ వల ఎవరూ తీసుకుపోయి ఉండరు. రెండు మూడు సీసాలు ఊడిపోయి మునిగి ఉంటుంది. రాళ్ళ దగ్గరే ఉంటుంది చూడు," అన్నాను.

ఆయన రాస్తున్న రిజిస్టరు పక్కన పెట్టాడు. నా ముఖంలోకి చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను.

"గట్లనా," అన్నాడు. "రాళ్ళ కాడనేనా?"

"అవును."

"మంచిది బిడ్డా. ఫికరు చెయ్యకు. ఇంటికి పో, పొద్దువోయింది."

ఆ గేటు దగ్గర ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. నేనప్పుడు గమనించలేదు. గుండె మీద రాయి దిగిపోయిందన్న సంతోషంలో, షేర్ ఆటోలో కూచుని, మూడు నెలల తర్వాత మొదటిసారి నోరు తెరిచి డ్రైవరుతో వానల గురించి మాట్లాడాను.

మర్నాడు పొద్దున గేటు దగ్గర ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. పదకొండింటికి రెండో గార్డు చెప్పాడు. తెల్లవారుజామున ఒక్కడే చెరువులో దిగాడట. ఎండెక్కాక కూడా రాకపోతే తల్లి కట్టెక్కి అరిచిందట. తెప్ప ఖాళీగా రాళ్ళను ఆనుకుని ఉంది. ఊళ్ళోని నలుగురు వలోళ్ళు దూకి వెతికితే రాళ్ళ పక్కనే దొరికాడు. కాళ్ళకు, నడుముకు వల చుట్టుకుని ఉంది. దాన్ని అక్కడక్కడా కత్తితో కోస్తే గానీ మనిషి బయటికి రాలేదట. ఆ కోతల్లో నా కోతలు కలిసిపోయాయి. ఇక ఎవరు చూసినా ఏది ఎవరిదో చెప్పలేరు.

నిలబడిన వల గోడలాంటిది, చేత్తో తడుముకుంటూ పక్కన పోవచ్చు. బెండ్లు పోయిన వల అలా కాదు. మేము లాగిన లాగుడుకు, కోసిన కోతకు అది ఎక్కడికక్కడ ముద్దయి, అడుగున వదులుగా ఊగుతూ ఉండిపోయింది. రెండు మూడు సీసాలే ఊడాయని, మిగతావి వలతోనే ఉన్నాయన్నట్టు కదా నేను చెప్పాను. పద్దెనిమిదీ పోయాయని చెప్పలేదు.

ఇంటి దగ్గరికి వెళ్ళాను. ఆఫీసు నుంచి పది మందిమి వెళ్ళాం. శవం దవాఖాన నుంచి ఇంకా రాలేదు. వాకిట్లో నిలబడ్డ వాళ్ళు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఆ మాటల్లో ఒకటే మాట మళ్ళీ మళ్ళీ వినిపించింది.

"తాగి దిగిండు. లేకుంటే గట్లెందుకైతది?"

దానికి వాళ్ళ కారణం వాళ్ళకుంది. మునిగిన వలకు ఒంటరిగా దిగకూడదని ఆ ఊరి వలోళ్ళలో కట్టుబాటు. బావిలో పడ్డ చేద తీసే పాతాళగరిగ లాంటి కొక్కేలు తాడుకు కట్టి, ఒకరు తెప్ప మీద, ఒకరు ఒడ్డున, ఇంకొకరు నీళ్ళలో, ముగ్గురు ఉంటే తప్ప ముట్టుకోరు. పసిపిల్లలకు కూడా అది నేర్పుతారు. యాభై ఏళ్ళు ఆ చెరువులో బతికిన మనిషి, పక్కింటి వాణ్ణి కూడా లేపకుండా ఒక్కడే దిగాడంటే, ఒళ్ళు తెలియని స్థితిలో ఉండి ఉండాలి. అంతకు మించి వాళ్ళకు వేరే అర్థం కనబడలేదు. సెక్యూరిటీ సూపర్‌వైజరైతే మరీ, "డ్యూటీలో కూడా అనుమానంగానే ఉండేది," అని ఒక మాట కలిపాడు. ఆయన తాగడని నాకు తెలుసు. ఏడేళ్ళ కిందట మానేశాడని ఆయనే చెప్పాడు. పళ్ళ బిగువున నిలబడ్డాను. ఆ మూల ఆయన భార్య గోడకు చేరగిలబడి, ఆ మాటలన్నీ వింటూ కూచుంది.

దినాలయ్యాక ఆవిడ పనికి వచ్చింది. బొట్టు లేని ముఖం చూడటానికి భయపడి నేను రెండు రోజులు ఆవిడ వచ్చే వేళకు లేచి వెళ్ళిపోయాను. క్యాంటీన్లో, లిఫ్టు దగ్గర, అందరూ అదే మాట. తాగి పోయాడట పాపం. పాపం అంటూనే ఆయన్ని రోజూ చంపుతున్నారు. మూడో రోజు నాకిక నిద్ర పట్టలేదు, అన్నం దిగలేదు. చేతులు కడుక్కునే గదిలో ఆవిడ ఒక్కతే ఉండటం చూసి లోపలికి వెళ్ళి తలుపు వేశాను.

"ఆ సీసాలు నేనే కోశానమ్మా," అన్నాను. ఎలా చెప్పాలో నాలుగు రాత్రులు కూడబలుక్కున్న మాటలన్నీ పోయి అదొక్కటే వచ్చింది.

ఆవిడ చేతిలోని గుడ్డ పిండి, బకెట్ అంచున ఆరేసింది.

"ఎరుకే," అంది.

నాకర్థం కాలేదు.

"నువ్వు గేటు కాడ చెప్పిన దినమే ఇంటికొచ్చి చెప్పిండు. 'వల పోలేదే, ఆ పిల్ల తెల్వక కోసినట్టుంది. చెప్పలేక చెప్పింది, దాని మొఖంల నెత్తురు లేదు,' అన్నడు. మరి నలుగురిని పిలుసుకపో అంటి. పిలిస్తే ఎవలు కోసిన్రని అడుగుతరు గద అన్నడు. 'పిల్ల భయపడ్డది. భయపడ్డదాన్ని ఇంకింత భయపెట్టుడెందుకు? నేనే మెల్లగ తీసుకుంట, ఎవలకు చెప్పకు,' అన్నడు. ఎవలకు చెప్పలే."

ఆవిడ నా వైపు చూడలేదు. కోపం కూడా లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేదనిపించింది.

"తాగి సచ్చిండంటున్నరు మేడం," అంది. "నా కొడుకు సదువుకునే కాడ గూడ అంటున్నరంట. ఒంటిగ ఎందుకు వోయిండో చెప్తే ఆ మాట పోతది. చెప్తే ఆయనకిచ్చిన మాట పోతది. నువ్వే చెప్తవేమోనని చూస్తున్న. నువ్వు చెప్తే నేను చెప్పినట్టు గాదు గద."

అన్ని రోజులు ఆవిడ నా కుర్చీ కింద తుడుస్తూ, నన్ను చూస్తూ, ఎదురుచూసింది. నేనేమో ఆవిడ్ని చూసి లేచి వెళ్ళిపోతూ వచ్చాను.

ఆదివారం వస్తానని ఆవిడతో చెప్పి, వాళ్ళింటికి వెళ్ళాను. లీడ్‌ను రమ్మంటే, ఆ రోజు వేరే పని ఉందన్నాడు. నల్గొండ అబ్బాయి కార్లో తీసుకెళ్ళి, కట్ట దాకా వచ్చి, కిందికి దిగలేదు. ఆ ఇంటి ముందు వలోళ్ళ కులపెద్దలు ఆరుగురు, ఇంకో పదిహేను మంది ఆడవాళ్ళు, మగవాళ్ళు కూచున్నారు. అరుగు మీద ముసలి తల్లి ఉంది. ఆయన భార్య అందరినీ పిలిపించింది గానీ ఎందుకో చెప్పలేదట.

"ఆయన తాగలేదు," అన్నాను.

"నీకెట్ల ఎరుక?" అన్నాడు కులపెద్దల్లో ఒకాయన.

అక్కడ ఆగిపోయే దారి ఒకటి ఉంది. ఏడేళ్ళ కిందటే మానేశాడు, నాకు చెప్పాడు, అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఆయన భార్య గడప దగ్గర నిలబడి నేలకేసి చూస్తోంది. అప్పుడు మొదటి నుంచి చెప్పాను. సీసాలు, బ్లేడు, ఫొటో, గేటు దగ్గర ఆడిన అబద్ధం, మర్నాడు చెప్పిన సగం మాట, నా కోసం ఆయన ఎవర్నీ పిలవకపోవడం, అన్నీ. మా సీమ యాసలోనే చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది. ఎవరూ ఆపమనలేదు, ఓదార్చనూ లేదు.

చెప్పడం అయిపోయాక ఒకాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తాగాడని అందరికంటే గట్టిగా అన్నవాడు ఆయనేనని తర్వాత తెలిసింది. ఇంకొకాయన, "నన్ను లేపకపోయె. పక్కిల్లే గద నాది," అని తనలో తను అనుకున్నాడు. ఎవరో ఏదో అంటారని, చెయ్యెత్తుతారని నేను చూస్తూ నిలబడ్డాను. ఎవరూ ఏమీ చేయలేదు. ముసలావిడ మాత్రం నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. ఆవిడకు చూపు సరిగా ఆనదు. నా మోచేయి పట్టుకుని ముఖం పైకెత్తింది.

"ఆ పొద్దే ఒక్క మాట చెప్పకపోతివి బిడ్డా. పది మందిమి పోయి గుంజుకొస్తుంటిమి. చెప్తే ఏమైతుండె? మేమంత కలిసి నిన్ను కొడ్తమనుకున్నవా?"

అబద్ధం చెప్పడానికి నాకిక ఏమీ మిగల్లేదు.

"అవునవ్వా," అన్నాను. "అట్లనే అనుకుంటి."